మనిషికి కిలోన్నర

పద్నాలుగో వారం

"పదిహేడున్నర కిలోలు తేను. తేనంటే తేను," అంటూ కొడుకు సరుకుల చీటీని తండ్రి ముందుకి తోసి, ఎగిరిపోకుండా దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"పోయిన నెల తెచ్చావుగా," అన్నారు తండ్రి. "ఈ నెలకి చేతులు పడిపోయాయా?"

"పోయిన నెల తెచ్చిందే ఇంకా ఇంట్లో మూలుగుతోంది. కావాలంటే అమ్మనడుగు."

అమ్మ పొయ్యి వైపు నుంచి తల తిప్పలేదు. "నన్నెందుకు లాగుతారు మధ్యలోకి? రాసేది ఆయన, తెచ్చేది నువ్వు. పాపం ఆ గింజలకి నోరు లేదు గానీ..."

"ఉంది. నా కడుపులో ఉంది," అన్నాడు కొడుకు. "పొద్దున్న శనగలైతే సాయంత్రం కూడా శనగలే. ఇవాళ అలసందలైతే ఎల్లుండి దాకా అలసందలే. కొట్లో కత్తి నూరుతుంటే లోపల గుర్రు గుర్రుమని ఒకటే రొద. నిన్నొకాయన కత్తి చప్పుడనుకుని, 'అంత నూరావు చాల్లే, కొయ్యి' అన్నాడు."

పిల్లలిద్దరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే పదిహేనేళ్ల పెద్దది, "నాన్నమ్మ పెట్టెలో అయితే..." అని నోరు తెరిచింది. పక్కనే కూర్చున్న తల్లి బల్ల కింద దాని కాలు తొక్కింది.

"ఏ పెట్టెలో?" అన్నారు తాతగారు.

"రిబ్బన్లు తాతయ్యా," అని అది రొట్టె మొత్తం నోట్లో కుక్కుకుంది.

కొడుకు లేచి చెయ్యి కడుక్కున్నాడు. "చూడు నాన్నా. డాక్టరు చెప్పింది నీకు. నీ వరకు నువ్వు మానెయ్. ఇంటిల్లిపాదికీ ఎందుకీ శిక్ష? ఇవాళ కొట్టు మూసేటప్పుడు నేను మాంసం పట్టుకొస్తున్నాను. తినేవాళ్లు తింటారు."

"తెచ్చుకో," అన్నారు ఆయన. "నీ కొట్టు. నీ ఇష్టం."

'నీ కొట్టు' అన్న మాటకి కొడుకు ఒక్క క్షణం గుమ్మంలో ఆగాడు. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఈ తగువు ఎక్కడ మొదలైందో తెలియాలంటే నెల వెనక్కి వెళ్లాలి. గుండె డాక్టరు పెద్దాయన కాగితాలన్నీ చూసి, నెలకి ఐదు రోజులకి మించి మాంసం ముట్టొద్దని చెప్పాడు. నలభై ఏళ్లు మాంసం కొట్టు నడిపిన మనిషి. ఆయన ఎదురుగా కూర్చుని మిగతా ఐదుగురూ ముక్కలు నములుతుంటే ఆ నియమం నాలుగు రోజులు కూడా నిలవదని కోడలు అంది. అందరూ సరే అన్నారు. నాలుగు ఆదివారాలు, నెలలో పిల్లలు కోరుకున్న రోజు ఇంకొకటి. ఆ ఐదు రోజులే మాంసం. మిగతా ఇరవై ఐదు రోజులూ పప్పులు, గింజలు, కూరలు, మధ్యలో ఆరు రోజులు గుడ్డు.

దేనికెంత కావాలో లెక్క వేసి చీటీ రాసింది మామగారే. మాంసం నరికే మొద్దు దగ్గర నిలబడడం మానేసి కత్తి కొడుకు చేతికిచ్చి ఏడాదయింది. ఆ ఏడాదిగా ఇంట్లో ఆయనకి మిగిలిన పని నెల సరుకుల చీటీ ఒక్కటే. నెలాఖరున ఆయన కళ్లజోడు తుడుచుకుని, కొట్లో పొట్లాలు కట్టే మందపాటి కాగితం ఒకటి చింపుకుని కూర్చుంటే, రెండు రోజుల పాటు ఇల్లంతా ఆయన చుట్టూ తిరుగుతుంది. సబ్బు అయిందా? ఉప్పుందా? పిల్లల పళ్లపొడి ఎంతుంది? ఆ రెండు రోజులు ఆయన మళ్లీ కొట్టు యజమాని.

ఆ ఇంట్లో నెల రోజులుగా ఎవరూ ఎత్తని సంగతి మరొకటుంది. ఆ ఇంటి ఆడపిల్ల. కంచంలో ముక్కల్ని పక్కకి నెట్టి మెతుకులు ఏరుకు తినేదని చిన్నప్పుడే తండ్రి 'పిచ్చుక' అని పేరు పెట్టారు. పద్దెనిమిదో ఏట మాంసం పూర్తిగా మానేసింది. అక్కణ్నుంచి ప్రతి భోజనం ఒక యుద్ధం. బస్సులో కండక్టరు ఉద్యోగం వచ్చిన వారానికే యుద్ధం ముగిసింది. "ఈ ఇంటి అన్నం కత్తి పెట్టింది. కత్తంటే అసహ్యమైతే అన్నమూ వద్దు," అన్నారాయన. "నాకు తినడానికి ఏమైనా ఉన్న రోజు చెప్పండి నాన్నా, వస్తాను," అని ఆ పిల్ల తెల్లారి సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లింది. రెండేళ్లయింది. బస్సు డిపో పక్కన గది తీసుకుని ఉంటోంది. పెద్దాయన మళ్లీ దాని పేరెత్తలేదు.

గురువారం కోడలికి వారపు సెలవు. ఆమె బట్టల మిల్లు క్యాంటీన్‌లో స్టోర్ కీపరు. మూడు వందల మందికి రోజూ ఏ సరుకు ఎంత కావాలో తూచి వంటవాళ్లకి అప్పగించడం ఆమె పని. అక్కడ గరిటెడు నూనె తేడా వచ్చినా పట్టుకోగల మనిషి, సొంత ఇంట్లో నెలంతా నోరు మూసుకుని ఊరుకుంది. మామగారి చీటీలో వేలు పెట్టడం ఇష్టం లేక.

పిల్లలు బడికి, మామగారు వీధరుగు మీదకి వెళ్లాక, ఆమె అత్తగారి వెనకే సామాన్ల గదిలోకి నడిచింది.

"తియ్యండత్తయ్యా పెట్టె."

"ఏ పెట్టె?"

"రిబ్బన్ల పెట్టె."

అత్తగారు పెదవి బిగించి మూత ఎత్తారు. చలికాలం దుప్పట్ల మధ్య శనగల మూట. దాని కింద అలసందల మూట. బియ్యం డ్రమ్ము వెనక చిక్కుడు గింజలు. పాత ప్రెషర్ కుక్కర్లో పెసలు. కందిపప్పు ఏకంగా ఆవిడ దిండు గలీబులో.

"దీని మీదేనా పడుకుంటున్నారు?"

"మెడనొప్పికి మంచిదట," అన్నారు అత్తగారు, ఏ మాత్రం తొణక్కుండా.

కోడలు నవ్వాపుకుని అన్నిటినీ ఒకచోట చేర్చింది. చేత్తో ఎత్తి చూస్తే ఎనిమిది కిలోల పైచిలుకు. అంటే తెచ్చినదాంట్లో సగానికి కాస్త తక్కువ.

"రోజుకి ఎంత వెయ్యమన్నారు మామయ్య?"

"ఏడొందల గ్రాములు. మొదటి రోజు అట్లాగే వేశాను తల్లీ. చిన్న గిన్నెలోంచి పెద్ద గిన్నెలోకి మార్చాను, పెద్ద గిన్నెలోంచి నీళ్లు కాచే డేగిసాలోకి మార్చాను. అవి ఉబ్బుతూనే ఉన్నాయి, పెళ్లింట్లో అలిగిన వియ్యపురాల్లాగా. మూడు రోజులు తిన్నాం. పక్కింటికిచ్చాను, ఎదురింటికిచ్చాను. గిన్నె పట్టుకుని వెళ్తుంటే వాళ్లు తలుపులేసుకోవడం మొదలెట్టారు. ఇక రెండోవారం నుంచి సగం వేసి, మిగతా సగం ఇట్లా..."

"మామయ్యకి చెప్పొచ్చుగా?"

"ఏమని? కంటిచూపుతో కిలో కోసే మనిషి. తూస్తే ముల్లు మధ్యలో నిలబడేది. నీ లెక్క తప్పయ్యా అని ఏ నోటితో చెప్పను? మొద్దు పోయింది, కత్తి పోయింది. ఈ చీటీ కూడా లాక్కుంటే ఇంక ఆ అరుగు మీంచి లేవరు. లేవని మనిషికి పథ్యమెందుకు, ఏదో ఒకటి పడెయ్యండి అంటారు. మొదటికే మోసం."

కోడలు చీటీ తీసి చదివింది. శనగలు నాలుగు. కందిపప్పు నాలుగు. అలసందలు మూడున్నర. చిక్కుడు గింజలు మూడు. పెసలు మూడు. అలవాటు చొప్పున మనసులోనే భాగించింది. పదిహేడున్నరని ఇరవై ఐదు రోజులకి పంచితే రోజుకి ఏడొందల గ్రాములు. అంతవరకు బాగానే ఉంది. ఏడొందలని ఆరుగురికి పంచితే నూట పదహారు చిల్లర.

ఆమె ఆగిపోయింది. పదహారు చిల్లర మామగారి తూకం కాదు. ఆయన జీవితంలో ఎవరికీ నూట పదహారు గ్రాములు తూచి ఉండరు. వంద, పావు, అర, ముప్పావు. అవీ ఆయన రాళ్లు.

వంద అయితే ఏడుగురు.

కింద గుడ్లు నలభై రెండు అని రాసి ఉంది. ఆరు గుడ్డు రోజులు. ఆరారులు ముప్పై ఆరు. నెలంతా ప్రతి గుడ్డు రోజూ గిన్నెలో ఒకటి మిగలడం, "ఎవరికీ వద్దా?" అని అడిగి చిన్నది మింగెయ్యడం ఆమె కళ్లారా చూసింది. లెక్కే ఒకటి ఎక్కువుందని తట్టలేదు.

"అత్తయ్యా," అంది మెల్లగా. "మామయ్య ఏడుగురికి రాస్తున్నారు."

అత్తగారు మూట ముడి బిగిస్తున్నారు. బిగించిన ముడినే విప్పి మళ్లీ బిగించారు.

"మీకు తెలుసా?"

"బియ్యంలోనే తెలిసింది. ఏడాదయింది. ఆయన చీటీ చేతికి తీసుకున్న మొదటి నెలే ఒక మనిషి బియ్యం ఎక్కువొచ్చాయి. ఒక నెలైతే పొరపాటు. ప్రతి నెలా అంటే పొరపాటెట్లా అవుతుంది?"

"అడగలేదా?"

"అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు గనక అడగలేదు. 'అట్లానా, మర్చిపోయాను' అని ఆరుగురికి దించేస్తారు. మొండిమనిషి. ఒప్పుకోరు." అత్తగారు పెట్టె అంచు మీద కూర్చున్నారు. "నా పిల్ల ఈ ఇంట్లో ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ చీటీలోనేనమ్మా. నువ్వు మిల్లు లెక్కలు తీసి అది కూడా కొట్టెయ్యకు. గింజలంటావా, దాచుకుంటాను. దిండ్లు ఇంకా మూడున్నాయి."

క్యాంటీన్‌లో కొత్త వంటవాడు చేరిన రోజు ఆమె నేర్పే మొదటి పాఠం ఒకటే. గిన్నె చూడకు, పొయ్యి చూడకు, ముందు ఎన్ని తలలో అడుగు. ఈ చీటీని సరిదిద్దాలంటే ఇక్కడా అడగాల్సింది అదే. అడిగితే ఆరు అంటారు. అడక్కపోతే సాయంత్రం భర్త మాంసం తెస్తాడు, ఒకరోజు తెచ్చినవాడు మర్నాడూ తెస్తాడు. రెండు వారాల్లో మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి అందరూ ఇచ్చుకున్న మాట గాలికి పోతుంది.

"దాచడం వద్దత్తయ్యా. నేను ఆయనతో మాట్లాడతాను. కానీ ఎంతమందని నేను అడగను. మాటిస్తున్నాను."

అత్తగారు ఆమె మొహంలోకి చూశారు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. "నీ తెలివి నీ మొగుడికుంటే ఈ ఇల్లు ఇంకోలా ఉండేది," అని మాత్రం అన్నారు.

నిన్న సాయంత్రమే గింజలు ఎంత ఉబ్బుతాయోనన్న అనుమానం తీర్చుకోవడానికి కోడలు సరిగ్గా వంద గ్రాముల శనగలు విడిగా నానబెట్టింది. పొద్దున్న విడిగానే ఉడికించి నీళ్లు వార్చింది. ఆ గిన్నె పట్టుకుని, రెండో చేత్తో పాత తక్కెడ మోసుకుంటూ అరుగు మీదకి వచ్చింది. కొట్లోకి కొత్త మిషను వచ్చాక ఇంటికి చేరిన తక్కెడ అది. పళ్లాలు ఇప్పటికీ తళతళలాడుతున్నాయి. ఎవరు తోముతున్నారో ఎవరూ అడగరు.

"మామయ్యా, ఒక తూకం చూసి పెట్టాలి."

ఆయన కాలు కింద పెట్టి నిటారుగా కూర్చున్నారు. "ఏమిటది?"

"ముందు చేత్తో చెప్పండి."

ఆయన గిన్నెలోని గింజల్ని అరచేతుల్లోకి వంపించుకున్నారు. రెండు చేతులా నిండి ఒలకబోయాయి. కళ్లు మూసుకున్నారు. "పావు కిలోకి ఒక పది తక్కువ."

తక్కెడ వేలాడదీసి, రాళ్లు పెట్టారు. రెండు వందల నలభై. ముల్లు మధ్యలో నిలబడింది. ఆయన మొహంలో ఏడాది వయసు తగ్గింది.

"ఇవి ఉడకని గింజలుగా ఎంతుండి ఉంటాయి మామయ్యా?"

"ఉడికితే ఏదైనా తగ్గుతుంది. మూడొందల పైమాటే."

"వంద."

"పరాచికాలా?"

"నేనే తూచి నానబెట్టాను. వంద."

ఆయన ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపారు. మెత్తగా చితికింది. ఇంకొకటి నలిపారు. కోడలు కొంగున కట్టిన నాలుగు పచ్చి శనగలు తీసి ఆయన అరచేతిలో, ఉడికినవాటి పక్కన పెట్టింది.

"మాంసం కిలో వేస్తే ముప్పావు కూడా చేతికి రాదు," అన్నారు. "నీరు పోతుంది, కొవ్వు కరుగుతుంది. అందుకని ఎప్పుడూ నాలుగు ముక్కలు ఎక్కువే వేసుకోవాలి. ఇది తిరగబడి ఉందే."

"అవును మామయ్యా."

"నేను మనిషికి రోజుకి వంద వేశాను. ఎనభై కండ, ఇరవై ఎముకకి తరుగు."

"శనగలకి ఎముకా!"

అనకూడదనుకుంటూనే అనేసింది. ఆయన మీసం ఒక పక్కకి కదిలింది. అంతలోనే ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయితే నెల్రోజులుగా ఆ పదిహేడున్నరా ఏమైంది? అంతా వండితే ఇల్లు మునిగిపోవాలే?"

కిటికీ వెనక అత్తగారి గాజులు చప్పుడు చేసి ఆగిపోయాయి.

"దాచారా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండుననిపించింది కోడలికి. "పెట్టెలో రిబ్బన్లంటే అవేనా? పసిపిల్లతో సహా అందరికీ తెలుసు. నేనొక్కణ్ణే ఇక్కడ కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాను. నెల్రోజులు నా పాటకి తాళం వేశారన్నమాట అందరూ కలిసి."

"మీరు బాధపడతారని అత్తయ్య..."

"బాధపడనా మరి? కొట్లో ఎవడైనా తూకం తప్పితే మొహం మీదే చెప్పేవాణ్ణి. చెప్పకుండా వెనక నవ్వుకునేవాణ్ణి కాదు." జేబులోంచి పెన్సిలు తీసి ఆమె వైపు చాపారు. "ఇదిగో. మిల్లులో మూడొందల మందికి రాసేదానివి, ఈ కొంప నీకో లెక్కా? ఇక మీదట నువ్వే రాయి."

అదుగో, అత్తగారు భయపడ్డది దీనికే. పెన్సిలు ఒకసారి చేతులు మారితే మళ్లీ ఆయన జేబులోకి వెళ్లదు. కోడలు తన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, బడిపిల్లలాగా.

"నేను రాయను మామయ్యా."

"ఏం?"

"మనిషికి ఎంత కావాలో నేను చెప్పగలను. మిల్లులో మేము రోజుకి అరవై గ్రాములు వేస్తాం, ఎవరూ ఆకలితో లేవరు, ఎవరి కడుపూ గుర్రుమనదు. ఇరవై ఐదు రోజులకి మనిషికి కిలోన్నర. అంతవరకే నా పని." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇంట్లో మనుషులు ఎంతమందో చెప్పాల్సింది నేను కాదు. ఇంటి పెద్ద. ఆ లెక్క మీరే వేసుకోండి."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మామగారు ఆమె వైపు చూడలేదు. చీటీలోని అంకెల మీద పెన్సిలు మొన ఒక్కొక్కటిగా ఆనించుకుంటూ కిందికి వచ్చారు. నాలుగు, నాలుగు, మూడున్నర, మూడు, మూడు. నలభై రెండు గుడ్ల దగ్గర మొన ఆగింది. అక్కడే ఉంది.

కోడలికి తెలుసని ఆయనకి అర్థమైంది. ఆయనకి అర్థమైందని కోడలికి తెలిసింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు.

"తక్కెడ లోపల పెట్టు," అన్నారు చివరికి. "పళ్లెం తడిగా వదిలెయ్యకు. మచ్చలు పడతాయి."

పెన్సిలు మాత్రం జేబులో పెట్టుకున్నారు.

ఆ రోజంతా ఇంట్లో అలికిడి తక్కువ. మామగారు మధ్యాహ్నం భోజనం చేసి, కొత్త కాగితం చింపుకున్నారు. అత్తగారు మూటలన్నీ డబ్బాల్లోకి ఎత్తి, ఆయనకి కనబడేలా నడుము ఎత్తు అరలో వరసగా పేర్చారు. మధ్యలో ఒకసారి కోడలి దగ్గరికి వచ్చి, "ఎంతమందన్నారు?" అని గుసగుసగా అడిగారు. "ఏమీ అనలేదు," అంది కోడలు. "ఏమీ అనలేదంటే మంచికా చెడుకా?" "ఆయనతో కాపురం చేసింది మీరు. మీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది?" అత్తగారు పోపుగింజల డబ్బా తీసి, ఎందుకు తీశారో మర్చిపోయి, మళ్లీ పెట్టేశారు.

కొట్టు మూసి కొడుకు వచ్చేసరికి ఏడు దాటింది. అన్నంత పనీ చేశాడు. చేతిలో పొట్లం ఉంది. బల్ల మీద పెట్టాడే గానీ, తండ్రి వైపు చూడలేక అటూ ఇటూ చూస్తూ కుర్చీ లాక్కున్నాడు.

మామగారు పొట్లం ఎత్తి చేత్తో తూచారు. "ముప్పావు. తొడ భాగం. బాగా కోశావు." పొట్లాన్ని పెద్దమనవరాలి చేతికిచ్చారు. "ఫ్రిజ్‌లో పెట్టమ్మా. ఆదివారం వండుకుందాం."

అంత సాఫీగా జరుగుతుందని కొడుకు అనుకోలేదు. పోట్లాటకి సిద్ధం చేసుకొచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉండిపోయి, చేసేదేమీ లేక కంచం ముందుకి లాక్కున్నాడు. అత్తగారు వడ్డించారు. ఇవాళ శనగలు సరిగ్గా ఆరు కంచాలకీ సరిపోయాయి. గిన్నె అడుగు కనబడింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో గిన్నె అడుగు కనబడడం అదే మొదటిసారి.

"పొద్దున్న చీటీ తప్పు," అన్నారు మామగారు, రొట్టె తుంచుతూ. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు. "గింజలు ఉబ్బుతాయని నేను లెక్కలో వేసుకోలేదు. మీ అమ్మకి తెలిసింది, చెప్పలేదు. సరే. కొత్తది రాశాను. మనిషికి కిలోన్నర చొప్పున, మొత్తం పదిన్నర కిలోలు. డబ్బాల్లో ఎనిమిదుంది. రెండున్నర తెస్తే చాలు."

"రెండున్నరేనా?" కొడుకు మొహం వికసించింది. "అదైతే రేపే తెచ్చేస్తాను నాన్నా. ముందే ఇట్లా చెప్తే..."

"తాతయ్యా," అంది చిన్నది. తొమ్మిదేళ్లు దానికి, ఎక్కాలు కొత్తగా వచ్చిన ఉత్సాహంలో ఉంది. "ఆరుగురికి కిలోన్నర చొప్పున అయితే తొమ్మిదేగా! మళ్లీ తప్పేశారు!"

కోడలి చెయ్యి నీళ్ల చెంబు మీద ఆగిపోయింది. అత్తగారు గరిటె గిన్నెలో పెట్టలేదు, బయటికి తియ్యలేదు.

"తప్పలేదమ్మా," అన్నారు మామగారు. "నువ్వే మళ్లీ వేసుకో."

చిన్నది వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. కిలోన్నర, మూడు, నాలుగున్నర, ఆరు, ఏడున్నర, తొమ్మిది. ఆరు వేళ్లు అయ్యాయి. ఏడో వేలు ముడిచి అలాగే చూస్తూ ఉండిపోయింది.

కొడుకు తలెత్తి తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మెల్లగా తండ్రి వైపు చూశాడు.

"అది వస్తుందా?" అన్నాడు. గొంతులో పొద్దుటి జోరు లేదు. "నేను రెండుసార్లు వెళ్లాను నాన్నా, నీకు తెలియకుండా. 'ఆ మాట అన్నది నువ్వు కాదు, నాన్న. నాన్నే రావాలి' అంది."

మామగారు ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. నోట్లోది నమిలి మింగి, నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నారు.

"తెలుసు. అందుకే చెప్తున్నాను. సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి నేను వెళ్తున్నాను. దాని బస్సే. ఎవరూ తోడు రావద్దు," అన్నారు. "టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి దింపెయ్యలేదుగా. చివరి స్టాపు దాకా కూర్చుంటాను."